రెండు జాబితాల్లో పుట్టిన తేదీలు కలవకపోతే ఎక్కడ వెతకాలి

కందుకూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన విషయం ఇది. వాళ్ళ ట్రస్టు పల్లెల్లో కంటి శిబిరాలు పెడుతుంది. శిబిరంలో రాసుకున్న జాబితా ఒకటి, తర్వాత ఆపరేషన్లు చేసిన ఆస్పత్రి పంపిన సీఎస్‌వీ ఫైలు ఒకటి. పేరు, ఊరు, పుట్టిన తేదీ చూసి రెండింటిలోని మనుషుల్ని జతపరచాలి. సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే మూడో వంతు కూడా కలవలేదట. ఇద్దరూ ఒకే మనిషి అనడానికి రావాల్సిన పోలిక మార్కును, అంటే కటాఫ్‌ను, 0.85 నుంచి 0.60కి దించితే జతలు పెరిగాయి గానీ తాతకు మనవడు, అత్తకు కోడలు జతపడ్డారట. చివర్లో ఆయన ఇంకో మాట రాశారు: "విచిత్రం ఏంటంటే సార్, జనవరి ఒకటిన పుట్టినోళ్ళు మాత్రం చక్కగా కలిశారు."

తమ్ముడూ, ఆ చివరి మాట రాయకపోయి ఉంటే నేను మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు పది అడగాల్సి వచ్చేది. అది రాశారు కాబట్టి రోగం దాదాపు తెలిసిపోయింది. మీ సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. దాని చేతికి రాకముందే ఆస్పత్రి జాబితాలో రోజు, నెల తారుమారయ్యాయి.

ముందు ఆ కటాఫ్‌ను మళ్ళీ 0.85కి పెట్టేయండి. తేదీలు చెడి ఉన్నప్పుడు కటాఫ్ దించితే ఏమవుతుందో మీరే చూశారు. మన వైపు తాత పేరు మనవడికి పెడతాం. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. మాలకొండయ్యలు, పెంచలయ్యలు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళను విడదీసేది పుట్టిన తేదీ ఒక్కటే. దాన్ని పక్కన పెట్టి మార్కులు సడలిస్తే తాతా మనవళ్ళు ఒకే మనిషి అయిపోతారు.

ఇక జనవరి ఒకటి సంగతి. 01/01లో రోజును నెలగా, నెలను రోజుగా చదివినా అది జనవరి ఒకటే. 02/02, 03/03 అలా 12/12 దాకా ఇలాంటి రోజులు ఏడాదికి 12 ఉంటాయి. మిగతా రోజులకు ఆ అదృష్టం లేదు. 1986 మార్చి 7న పుట్టిన మనిషిని మనం 07/03/1986 అని రాస్తాం. అమెరికా పద్ధతిలో చదివే కంప్యూటర్‌కు అది జూలై 3. ఏ హెచ్చరికా రాదు, ఎర్ర గీతా పడదు. అదే 25/03/1986 అనుకోండి, ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోదు. అక్షరాల ముక్కగా అలాగే వదిలేస్తుంది.

లెక్క వేసి చూడండి. ఏడాదిలో 365 రోజులు. ప్రతి నెలా 1 నుంచి 12 దాకా తీసుకుంటే 144. అందులో తారుమారైనా మారనివి 12. మిగిలిన 132 రోజుల్లో పుట్టినవాళ్ళకు తప్పుడు తేదీ పడుతుంది. 13 నుంచి నెలాఖరు దాకా ఉన్న 221 రోజుల్లో పుట్టినవాళ్ళ తేదీలు అసలు తేదీలే కాకుండా పోతాయి. పుట్టినరోజులు ఏడాది పొడవునా సమానంగా ఉన్నాయనుకుంటే వందకు అరవై మంది అక్షరాలుగా మిగులుతారు, ముప్పై ఆరుమందికి వేరే పుట్టినరోజు వస్తుంది, ముగ్గురు మాత్రం క్షేమంగా బయటపడతారు. మీకు ముగ్గురి కంటే చాలా ఎక్కువ కలిశారు కదా, దానికి కారణం మన పల్లెల్లో జనవరి 1 పుట్టినరోజులు మరీ ఎక్కువ ఉండటం. ఆ గొడవ ఇంకోటి ఉంది, తర్వాత చెప్తాను.

ఇదే రోగమని తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆస్పత్రి జాబితాను ఎక్సెల్‌లో పెట్టి, తేదీల కాలమ్‌కు ఎవరైనా సెంటర్ అలైన్‌మెంట్ పెట్టి ఉంటే తీసేయండి. కాలమ్‌ను కాస్త వెడల్పు చేయండి. కుడివైపుకు ఒరిగినవి ఎక్సెల్ తేదీగా తీసుకున్నవి, ఎడమవైపుకు ఒరిగినవి అక్షరాలు. ఇప్పుడు కుడివైపు వాటిలో రోజు 12 దాటింది ఒక్కటైనా ఉందేమో చూడండి. కళ్ళతో వెతకొద్దు, కుడివైపు వాటికి మాత్రమే పక్క కాలమ్‌లో డే ఫంక్షన్ పెట్టి గరిష్ఠం తీయండి. వేల పేర్లున్న జాబితాలో ఒక్కరు కూడా 12 తర్వాత పుట్టలేదంటే అది దేవుడి లీల కాదు. ఫిల్టర్ బాణం నొక్కినా తెలిసిపోతుంది. నిజమైన తేదీలు ఏడాది, నెల వారీగా చెట్టులా మడిచి కనిపిస్తాయి, అక్షరాలుగా మిగిలినవి కింద విడివిడిగా వేలాడుతుంటాయి.

మరి చెడింది ఎక్కడ? నూటికి తొంభై సార్లు సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసిన చోట. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలు. అందులో తేదీ అనే రకమే ఉండదు. డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ ఆ కంప్యూటర్‌లోని విండోస్ రీజియన్ సెట్టింగ్ చూసి, తేదీలా కనిపించిన ప్రతిదాన్నీ ఆ దేశపు వరుసలో చదివేస్తుంది. మన ఇండియా సెట్టింగ్ ఉంటే రోజు ముందు, అమెరికా సెట్టింగ్ ఉంటే నెల ముందు. కొత్త సిస్టమ్ తెచ్చుకున్నప్పుడు షాపులో విండోస్ వేసిన అబ్బాయి రీజియన్ దగ్గర యునైటెడ్ స్టేట్స్ అని ఉన్నదాన్ని అలాగే వదిలేసి నెక్స్ట్ నొక్కేస్తాడు. ఆ ఒక్క నొక్కుడు ఖరీదు మీరిప్పుడు కడుతున్నారు.

నేను కూడా కట్టాను. ఒంగోలులో పని చేసే రోజుల్లో పాల సేకరణ చేసే ఒకరికి రైతుల బిల్లులు సరిచూసే పని చేసిపెట్టేవాణ్ణి. పదిహేను రోజులకోసారి బిల్లు. ఒక నెల చూస్తే మొదటి పక్షం బిల్లులు ఏడాదంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, రెండో పక్షం బిల్లులు అసలు లేవు. టైపు చేసిన అమ్మాయి మీద అందరం ఎగిరాం. ఆ పిల్ల ఏడుస్తూ తన ఫైలు తన కంప్యూటర్‌లో తెరిచి చూపించింది, అక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే ఫైలు రెండు అడుగుల దూరంలో ఉన్న ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే తప్పు. ఒకే గది, ఒకే ఫైలు. రీజియన్ సెట్టింగ్ అన్న సంగతి ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ అమ్మాయికి సారీ చెప్పాను గానీ ముందు రోజు అన్న మాటలు వెనక్కి రాలేదు. అప్పట్నుంచి తేదీ తప్పు కనిపిస్తే టైపిస్టును అడగడం నా వరుసలో ఆఖరిది.

ఇప్పుడు బాగు చేయడం. ఆస్పత్రి నుంచి మెయిల్‌లో వచ్చిన అసలు అటాచ్‌మెంట్‌ను మళ్ళీ డౌన్‌లోడ్ చేయండి. మీ దగ్గర తెరిచి సేవ్ చేసిన కాపీ వద్దు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. నోట్‌ప్యాడ్ దేన్నీ మార్చదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. అందులో 25/03/1986 లాంటివి, 07/03/1986 లాంటివి రెండూ ఒకే తీరులో కనిపిస్తే మీ ఫైలు బతికే ఉంది. ఇక డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ లేదా సీఎస్‌వీ అన్న దారిలో లోపలికి తీసుకోండి. ప్రివ్యూలో డేటా టైప్ డిటెక్షన్ అన్నచోట డు నాట్ డిటెక్ట్ ఎంచుకుని, ట్రాన్స్‌ఫామ్ నొక్కండి. తేదీ కాలమ్ హెడింగ్ మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్. అక్కడ డేట్ అని, ఇంగ్లిష్ ఇండియా అని ఇవ్వండి. అంతే. లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళకు ఇంకా తేలిక. ఫైలు తెరిచేటప్పుడు వచ్చే కిటికీలోనే కాలమ్ మీద నొక్కి రోజు-నెల-ఏడాది వరుస ఇవ్వొచ్చు. డేటా శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ అయితే దిగుమతి చేసేటప్పుడు విలువల్ని దానంతటదే పోల్చుకోమనే టిక్ తీసేసి, తర్వాత మీరే వరుస చెప్పి తేదీగా మార్చండి. పైథాన్ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు అందులోని పాండాస్ అనే లైబ్రరీలో రోజు ముందు అన్న సూచన ఇచ్చి ఊరుకుంటారు. అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. ఫార్మాట్ మొత్తం రాసివ్వాలి. 2023లో వచ్చిన 2.0కు ముందు పాండాస్ వెర్షన్లలో ఆ సూచన కూడా ఇవ్వకపోతే ఒక్కో తేదీకి విడివిడిగా ఫార్మాట్ ఊహించుకునేది. అంటే ఒకే కాలమ్‌లో 07/03 జూలైకి, 25/03 మార్చికి వెళ్ళేవి, ఎర్రర్ కూడా రాదు. ఇప్పటిది మొదటి విలువ చూసి ఫార్మాట్ ఊహించి అందరికీ అదే వర్తింపజేస్తుంది. కుదరకపోతే కనీసం అరుస్తుంది.

అసలు ఫైలు పోయింది, చెడినదే మిగిలిందంటే కూడా దారి ఉంది. కుడివైపు ఒరిగిన వాటన్నిటికీ డేట్ ఫంక్షన్‌తో కొత్త తేదీ కట్టండి. ఏడాది ఏడాదిగానే ఉంచి, నెల ఇవ్వాల్సిన చోట డే, రోజు ఇవ్వాల్సిన చోట మంత్ ఇవ్వండి. ఎడమవైపు వాటిని టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎంవై, అంటే రోజు-నెల-ఏడాది వరుస, ఎంచుకుని మార్చండి. అయితే రెండు మూడు చోట్ల నుంచి వచ్చినవి ఒకే షీటులో అతికించిన జాబితాకు ఇది చేయొద్దు. అందులో కొన్ని తారుమారైనవి, కొన్ని సరైనవి ఉంటాయి. తిప్పితే సరైనవి చెడతాయి. అప్పుడు ఏ వరుస ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే కాలమ్ లేకపోతే కింద చెప్పే తీసివేత తప్ప దిక్కు లేదు.

ఈ తీసివేత నేను ఎక్కువగా నమ్మే పరీక్ష. ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రెండు జాబితాల్లో ఫోన్ నంబరు కలిసి, పేరు కూడా కలిసినవాళ్ళను ఒక వంద మందిని తీయండి. తేదీ చూడొద్దు. వీళ్ళు ఒకే మనుషులని మీకు నమ్మకం ఉండాలి, కావాలంటే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పుడు ఒక జాబితా పుట్టిన తేదీలోంచి ఇంకో జాబితా పుట్టిన తేదీ తీసేయండి. ఎక్సెల్‌లో తేదీ అంటే లోపల ఒక అంకె. 1900 జనవరి 1 ఒకటి, అక్కడ్నుంచి రోజుకొకటి పెరుగుతూ వస్తుంది. 1986 మార్చి 7 అంటే 31478. జూలై 3 అంటే 31596. కాబట్టి తీసివేస్తే రోజుల తేడా నేరుగా వస్తుంది. ఆ తేడాల్లో ఏది ఎన్నిసార్లు వచ్చిందో పివట్ టేబుల్‌లో లెక్కపెట్టండి. ఒక్కో రోగానికి ఒక్కో అంకె.

సున్నా అయితే అంతా బాగుంది. తేడాలు 118, 59, 30 ఇలా రకరకాలుగా ఉండి, ఒకవైపు రోజూ నెలా తిప్పగానే సున్నా అయిపోతే తారుమారు. మీకు వచ్చేది ఇదే అనుకుంటున్నాను.

ఒకే ఒక్క రోజు తేడా చాలామందికి వస్తే అది టైమ్ జోన్. ఫోన్ యాప్‌లో నింపిన తేదీ మన కాలమానంలో అర్ధరాత్రి 12 గంటలుగా నమోదవుతుంది. సర్వర్ దాన్ని గ్రీనిచ్ కాలమానంలోకి మార్చి దాస్తుంది. మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి మార్చి 7 అర్ధరాత్రి అక్కడ మార్చి 6 సాయంత్రం 6:30. ఎగుమతి చేసేటప్పుడు ఎవరో ఆ టైము ముక్క అక్కర్లేదని కత్తిరించేస్తారు, మనిషి ఒకరోజు ముందే పుట్టేస్తాడు. కత్తిరించకముందు ఫైల్లో 18:30 అన్న అంకె వరుసగా కనిపిస్తుంటే సందేహించక్కర్లేదు. అయిదున్నర గంటలు కలిపి ఆ తర్వాత కత్తిరించండి.

రెండు రోజుల తేడా వస్తే ఎవరో ప్రోగ్రామరు ఎక్సెల్ అంకెను తేదీగా మార్చేటప్పుడు 1900 జనవరి 1కి నేరుగా కలిపాడని అర్థం. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉందనుకుంటుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంలో ఉన్న తప్పును దానితో పొసగడం కోసం తెలిసే ఉంచుకున్నారు. అందుకే బయట మార్చేటప్పుడు 1899 డిసెంబర్ 30 నుంచి లెక్కపెట్టాలి.

1462 వస్తే పాత మ్యాక్ కంప్యూటర్ నుంచి వచ్చిన షీటు. అందులో లెక్క 1904 నుంచి మొదలవుతుంది. మన దగ్గర అరుదు, ఒక్కసారే చూశాను.

36525 వస్తే సరిగ్గా వందేళ్ళు. కంటి శిబిరాలు అన్నారు కాబట్టి ఇది మీకు తగలకుండా పోదు. శుక్లాల ఆపరేషన్‌కు వచ్చేది పెద్దవాళ్ళే కదా. రెండంకెల ఏడాది రాస్తే ఎక్సెల్ మామూలుగా 00 నుంచి 29 దాకా 2000లలో, 30 నుంచి 99 దాకా 1900లలో వేస్తుంది. 28 అని రాసిన తాత 2028లో పుడతాడు. పైథాన్‌లో ఈ సరిహద్దు గీత 29 దగ్గర కాదు, ఇంకా పైన ఉంది. 68 దాకా 2000లలోకి తోసేస్తుంది. అంటే 58 అని రాసిన అరవై దాటిన మనిషి 2058లో పుట్టబోతున్నాడన్నమాట. శిబిరం జరిగిన తేదీ కంటే పుట్టిన తేదీ తర్వాత వస్తే వందేళ్ళు తీసేయమని ఒక నియమం పెట్టుకోండి. చిన్నపిల్లలున్న జాబితాలో మాత్రం ఈ నియమం ఒక్కటే చాలదు. 2018లో పుట్టిన పాపా, 1918లో పుట్టిన అవ్వా ఇద్దరూ 18గానే కనిపిస్తారు. వయసు కాలమ్ ఉంటే పక్కన పెట్టి చూడాలి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మీరు నాలుగంకెల ఏడాదే టైపు చేసినా, సెల్ ఫార్మాట్ రెండంకెల ఏడాది చూపించేలా ఉంటే సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు కనిపించేదే ఫైల్లోకి వెళ్తుంది. శతాబ్దం అక్కడే రాలిపోతుంది, మళ్ళీ దొరకదు.

తేడాలు 365, 730 లాంటి వాటి చుట్టూ మూగితే అది కంప్యూటర్ తప్పు కాదు, వయసు ఉజ్జాయింపుగా చెప్పినవాళ్ళు. ఏ తీరూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే మీ వందమంది ఒకే మనుషులు కాదేమో మళ్ళీ చూసుకోండి. ఇంట్లో ఒకే ఫోను అందరిదీ కదా.

చిల్లర తప్పులు కూడా కొన్ని ఉంటాయి. మనవాళ్ళు చేత్తో 7.3.86 అని చుక్కలు పెట్టి రాస్తారు, టైపు చేసేవాళ్ళూ అలాగే కొడతారు. మన సెట్టింగుల్లో ఎక్సెల్ దాన్ని తేదీ అనుకోదు. ముందు చుక్కల్ని గీతలుగా మార్చాలి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన తేదీల పక్కన కనిపించని ఖాళీ ఒకటి అతుక్కుని వస్తుంది. ట్రిమ్ ఫంక్షన్‌కు అది పోదు. సబ్‌స్టిట్యూట్‌లో క్యారెక్టర్ 160 అని ఇచ్చి తీసేయాలి. సున్నా బదులు ఓ అక్షరం కొట్టినవి ఎలాగూ దొరుకుతాయి.

తేదీలు బాగుపడ్డాక సాఫ్ట్‌వేర్ దగ్గరికి రండి. మీరు ఏది వాడుతున్నారో రాయలేదు, ఏదైనా అడగాల్సింది ఇవే.

మొదటిది ఖాళీల సంగతి. తేదీగా మారనివి ఖాళీ అయిపోతాయి. ఖాళీని కొన్ని సాఫ్ట్‌వేర్లు కలవలేదని లెక్కవేసి మార్కు తగ్గిస్తాయి, కొన్ని ఆ కాలమ్‌ను పక్కన పెడతాయి. జాబితాలు జతపరిచే పైథాన్ లైబ్రరీ రికార్డ్‌లింకేజ్ మామూలుగా ఖాళీకి సున్నా ఇస్తుంది. అదే పని చేసే స్ప్లింక్ అయితే ఖాళీని అటూ ఇటూ కాకుండా వదిలేస్తుంది. నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తుంది. తేదీ తెలియకపోవడం వేరు, తేదీ వేరుకావడం వేరు. ఇంకా ఘోరం ఏంటంటే కొన్ని చోట్ల ఖాళీ 01-01-1900గా మారి కూర్చుంటుంది. అప్పుడు తేదీ లేనివాళ్ళందరూ ఒకే రోజు పుట్టినట్టు ఒకరితో ఒకరు కలిసిపోతారు. 1900లో పుట్టినవాళ్ళు మీ జాబితాలో ఉంటే ముందు వాళ్ళ సంగతి చూడండి.

రెండోది, పోలికకు ముందు జాబితాను గుంపులుగా విడగొట్టే బ్లాకింగ్. ప్రతి ఒక్కరినీ ప్రతి ఒక్కరితో పోలిస్తే కోట్ల పోలికలవుతాయి కాబట్టి ఒకే గుంపులో ఉన్నవాళ్ళనే పోలుస్తుంది. ఆ గుంపు పుట్టిన తేదీతో కడితే, తేదీలో ఒక్క అంకె తప్పినా ఆ ఇద్దరూ ఎదురుపడరు. ఎంత కటాఫ్ దించినా లాభం లేదు, అసలు పోల్చనే లేదు కదా. పుట్టిన ఏడాదితో ఒకసారి, ఊరూ పేరు మొదటి అక్షరాలతో ఒకసారి, ఫోన్ నంబరుతో ఒకసారి విడివిడిగా నడిపి ఫలితాలు కలపండి. జిల్లా పేరుతో మాత్రం గుంపులు కట్టొద్దు. మీ కందుకూరునే చూడండి, 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు రాసిన అడ్రసుల్లో ప్రకాశం, ఆ మార్పు తర్వాతి వాటిలో నెల్లూరు. అప్పుడే అద్దంకి, చీరాల బాపట్లకు వెళ్ళాయి. నెల్లూరు అన్నదాన్నే కొందరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అని పూర్తిగా రాస్తారు, కొందరు పొట్టి అక్షరాల్లో కొడతారు. మనిషి ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది.

మూడోది, తేదీల్ని దేనితో పోలుస్తోంది అన్నది. అక్షరాల్లా పోల్చే సాఫ్ట్‌వేర్‌కు 07-03-1986కీ 08-03-1986కీ ఒక్క అక్షరం తేడా, 07-03-1986కీ 07-03-1996కీ కూడా ఒక్క అక్షరమే. టైపింగ్ తప్పుల్ని పట్టుకోవడానికి అది సరే. వయసు ఉజ్జాయింపుగా చెప్పిన ముసలివాళ్ళ దగ్గర రోజుల తేడా చూడటమే మేలు. రికార్డ్‌లింకేజ్‌లో రోజూ నెలా తారుమారైతే సగం మార్కు ఇచ్చే ఏర్పాటు ఉంది. రిజిస్టరులో ఎవరో ఒకరిద్దరికి తిప్పి రాసినప్పుడు అది పనికొస్తుంది. ఫైలు మొత్తం తిరగబడితే దాన్ని కప్పిపుచ్చడానికి వాడొద్దు. 132 రోజులకు సగం మార్కు ఇచ్చి, 221 రోజుల్ని గాలికి వదిలేస్తుంది.

ఇప్పుడు జనవరి 1 గొడవ. మీ జాబితాలో వాళ్ళు కలిశారని సంతోషపడ్డారు గానీ, నేను ముందు అనుమానించేది వాళ్ళనే. మన పల్లెల్లో పెద్దవాళ్ళకు పుట్టిన తేదీ తెలియదు. పదో తరగతి చదివినవాళ్ళకు సర్టిఫికెట్ మీద ఉంటుంది, చదవనివాళ్ళకు ఏముంటుంది? 1977 నవంబర్ ఉప్పెన నాటికి పెళ్ళయిందనో, పెద్దోడు కడుపులో ఉన్నాడనో చెప్తారు. రాసుకునేవాళ్ళు దాన్నుంచి వయసు కట్టి, శిబిరం జరిగిన ఏడాదిలోంచి తీసేసి, జనవరి 1 అని వేస్తారు. ఆధార్ కార్డుల్లోనూ ఏడాది మాత్రమే తెలిసినవాళ్ళకు జనవరి 1 పడినవి ఎన్నో చూశాను. స్కూల్లో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన జూన్, జూలై తేదీలు మరికొన్ని. పైగా వయసు చెప్పేటప్పుడు అరవై, అరవై అయిదు, డెబ్భై అని సున్నా, అయిదులతోనే చెప్తారు. కాబట్టి ఒకే ఊళ్ళో 01-01-1955 అన్నవాళ్ళు గంపెడుమంది ఉంటారు.

ఇలాంటి చోట తేదీ కలిసిందంటే బలం ఎంత? 1969లో ఫెలెగి, సంటర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు కట్టిన సిద్ధాంతం మీదే ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి. అందులో అసలు మాట ఇదే: సంబంధం లేని ఇద్దరికి ఊరికే కలిసే అవకాశం ఎంత తక్కువైతే, కలిసినప్పుడు దానికి అంత బలం. డెబ్భై ఏళ్ళలో రోజులు 25 వేల పైచిలుకు. మామూలు తేదీ ఊరికే కలిసే అవకాశం పాతిక వేలల్లో ఒకటి. జనవరి 1 అయితే మీకు తెలిసింది ఏడాది ఒక్కటే, అంటే డెబ్భైలో ఒకటి. రెండింటికీ ఒకే మార్కు వేస్తే పేర్లు కలిసిన ఇద్దరు పక్కింటివాళ్ళు ఒకే మనిషి అయిపోతారు. అందుకని తేదీ కాలమ్‌ను రోజు, నెల, ఏడాది అని మూడుగా విడగొట్టండి. రోజు 1, నెల 1గా ఉన్న జనవరి 1 వాళ్ళకు ఆ రెండు కాలమ్‌లూ ఖాళీ చేసి, ఏడాది మాత్రం ఉంచండి. ఏడాదిలో రెండేళ్ళు అటూ ఇటూ అయినా ఒప్పుకునేలా, కొంచెం మార్కు మాత్రం ఇచ్చేలా పెట్టండి. నిజంగా జనవరి 1న పుట్టినవాళ్ళు కొందరు నష్టపోతారు. వాళ్ళను ఫోన్ నంబరు పట్టుకుంటుంది. జతపడినవాళ్ళలో జనవరి 1 వాళ్ళను విడిగా తీసి కళ్ళతో చూడండి. మీరు చక్కగా కలిశారన్న వాటిలో కొన్ని విడిపోతాయి, బాధపడొద్దు.

ఇంకో అలవాటు చేసుకోండి. తేదీ మార్చిన ప్రతిసారీ వచ్చినది వచ్చినట్టు ఉన్న కాలమ్‌ను చెరపకుండా పక్కనే ఉంచండి. నేను దానికి "అసలు తేదీ" అని పేరు పెట్టి తాళం వేస్తాను. మార్చినది మాత్రం ఏడాది-నెల-రోజు వరుసలో, నాలుగంకెల ఏడాదితో, 1986-03-07 అని ఉంచుతాను. ఆ వరుసను ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్తుంది. అక్షరాల్లా వరుసపెట్టినా కాలక్రమంలోనే వస్తుంది, అమెరికావాడు చదివినా మనం చదివినా ఒకటే.

ఆస్పత్రి వాళ్ళను తర్వాతి ఫైలు అడిగేటప్పుడు కూడా ఈ వరుసలోనే, ఏడాది నాలుగంకెల్లో ఇమ్మనండి. సాఫ్ట్‌వేర్ నుంచి దింపిన ఫైలును తెరవకుండా నేరుగా జిప్ చేసి పంపమనండి. అక్కడ పంపే అబ్బాయి పద్ధతైనవాడైతే సరిగ్గా వచ్చిందా లేదా అని ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి, సేవ్ చేయమంటారా అని అడిగితే యస్ నొక్కి, అప్పుడు పంపుతాడు. అతను మంచికే చేస్తాడు, అందుకే ముందే చెప్పాలి.

ఆ వందమంది తీసివేత చేశాక ఎక్కువసార్లు వచ్చిన అయిదు తేడాలు, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు పంపొద్దు, అవి రోగుల వివరాలు. అంకెలు చాలు నాకు.